రేడియేషన్‌లో వచ్చే నోటిపూతకు తేనె వాడొచ్చా? ప్రొపోలిస్, రాయల్ జెల్లీ సంగతేంటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి నాలుక క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. వచ్చే వారం నుంచి రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ కీమో. షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నారు. నోరు పూస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు. ఈలోపు తెలిసినవాళ్లు తేనె సీసా, ప్రొపోలిస్ (తేనెటీగల బంక) స్ప్రే, రాయల్ జెల్లీ (తేనెటీగలు రాణి ఈగకు పెట్టే ఆహారం) గుళికలు తెచ్చిచ్చారు. వీటిలో ఏది వాడాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

రేడియేషన్ విభాగంలో నర్సుగా చాలా ఏళ్లు చేశాను. తల, మెడ క్యాన్సర్ వచ్చినవాళ్ల నోరు చూసుకోవడమే నా పని. అందుకే సూటిగా చెప్తున్నాను. తేనె వాడొచ్చు. అయితే డాక్టరుకు చెప్పి, షుగర్ చూసుకుంటూ, నోరు పూసేదాకా ఆగకుండా రేడియేషన్ మొదటి రోజు నుంచే వాడాలి. మిగతా రెండూ పక్కన పెట్టేయండి.

ముందు నోట్లో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. నోటి లోపలి పొర చాలా త్వరగా మారిపోతుంటుంది. పాత కణాలు రాలిపోయి ఒకటి రెండు వారాల్లో కొత్తవి వచ్చేస్తాయి. రేడియేషన్ ఈ పుట్టుకను దెబ్బతీస్తుంది. రాలేవి రాలుతూనే ఉంటాయి, వాటి చోటికి వచ్చేవి ఉండవు. అందుకే మొదటి వారం అంతా మామూలుగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు "పర్లేదు, మనకి రాలేదు" అనుకుంటారు. రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో నోరు ఎర్రబడుతుంది, మండుతుంది, తర్వాత పుళ్లు పడతాయి. సాధారణంగా ఈ చికిత్స వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. నొప్పి బాగా ఎక్కువగా ఉండేది ఆఖరి వారాల్లోనే. చికిత్స అయిపోయాక కూడా తగ్గడానికి ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కీమో ఒక్కటే తీసుకునేవాళ్లలో లెక్క వేరు. మందు ఎక్కిన వారం లోపలో, ఆ చుట్టుపక్కలో నోరు పూసి, రక్తకణాల సంఖ్య (కౌంట్) కోలుకునేసరికి మానుతుంది.

తేనె గురించి చెప్పేవాళ్లలో చాలామంది అది పుండు మాన్పుతుందని చెప్తారు. నేను చూసినంతలో, చదివినంతలో దాని అసలు ఉపయోగం పుండు తీవ్రం కాకుండా ఆపడంలో ఉంది. నోరంతా పచ్చిపుండైపోయాక తేనె పెడితే భగ్గున మండుతుంది, ఎందుకంటే తేనె పుల్లనిది. తీపి వల్ల తెలియదు గానీ దాని పీహెచ్ సగటున 4 దగ్గర ఉంటుంది. అప్పుడు రోగి ఒక్కసారి నోట్లో పెట్టుకుని ఇక వద్దంటారు. మూడో వారంలో మొదలుపెట్టి "పనిచేయలేదండీ" అని చెప్పినవాళ్లే ఎక్కువ.

ఎలా పనిచేస్తుందంటే, తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలు, 17, 18 శాతం నీరు ఉంటాయి. అంత చిక్కటి చక్కెరలో సూక్ష్మజీవులు పెరగలేవు. తేనెటీగలు కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్, తేనె కాస్త పలుచబడగానే కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. జిగటగా పొరలా అంటుకుని ఎండిన నోటిని కాసేపు తడిగా ఉంచుతుంది. తీపికి లాలాజలం కూడా కొంచెం ఊరుతుంది. వీటిలో ఏది ఎంత సాయపడుతుందో విడదీసి చెప్పడం కష్టం. నా మటుకు నాకు ఆ పొర, ఆ తడే ముఖ్యమనిపిస్తుంది. ఎందుకో మనుకా తేనె గురించి చెప్పేటప్పుడు చెప్తాను.

ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వచ్చే అధ్యయనం మలేషియాలో జరిగింది, 2003లో అచ్చయింది. రేడియేషన్ తీసుకుంటున్న 40 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రేడియేషన్‌కు 15 నిమిషాల ముందు 20 మిల్లీలీటర్లు, అయిన 15 నిమిషాల తర్వాత 20, ఆరు గంటల తర్వాత ఇంకో 20 స్వచ్ఛమైన తేనె ఇచ్చారు. నోరంతా తిప్పుకుని నెమ్మదిగా మింగాలి. గట్టి ఆహారం తినలేనంత తీవ్రమైన పూత తేనె తీసుకున్నవాళ్లలో 20 శాతం మందికి వస్తే, తీసుకోనివాళ్లలో 75 శాతం మందికి వచ్చింది. అంకె చూసి పొంగిపోకండి, అది చిన్న అధ్యయనం. తర్వాత ఇంకా చాలా జరిగాయి, వాటిలో అనుకూలంగా వచ్చినవీ ఉన్నాయి, ఏ తేడా కనిపించనివీ ఉన్నాయి. అన్నిటినీ కలిపి చూసి, క్యాన్సర్ రోగుల సహాయక చికిత్సపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఎంఏఎస్‌సీసీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెకు చోటిచ్చింది. తల, మెడ భాగానికి రేడియేషన్, లేదా రేడియేషన్‌తో పాటు కీమో తీసుకునేవాళ్లలో నోటిపూత నివారణకు తేనె వాడవచ్చని సూచించింది. గట్టిగా సిఫారసు చేయలేదు, సూచనగానే చెప్పింది. మీ నాన్నగారి పరిస్థితి సరిగ్గా ఇదే కాబట్టి మీ డాక్టరుతో మాట్లాడటానికి ఈ మాట పనికొస్తుంది. పళ్లు పుచ్చకుండా చూసుకోవాలన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ఇక మనుకా. న్యూజిలాండ్‌లో ఒక పొద మీద పూసే పూల తేనె అది. సీసా మీద పెద్ద పెద్ద అంకెలు వేసి చాలా ఖరీదుకు అమ్ముతారు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 131 మంది రోగుల మీద దీన్ని పరీక్షించారు, 2012లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి మనుకా, సగం మందికి చూడటానికి తేనెలాగే ఉండే చక్కెర పాకం. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు. పూత తీవ్రతలో తేడా ఏమీ రాలేదు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. తేనెలో ఏమీ లేదని ఒకటి. చిక్కటి పాకం ఏదైనా నోటికి పొరలా పట్టి కొంత కాపాడుతుంది కాబట్టి రెండు జట్లకూ సమానంగా మేలు జరిగిందని ఇంకొకటి. నేను రెండోదాని వైపు మొగ్గుతాను, కానీ అది నా అభిప్రాయమే. ఎలా చూసినా ఖరీదైన తేనె కొనడానికి కారణం కనబడదు. ఆ డబ్బు పళ్ల డాక్టరుకో, మంచి ఆహారానికో పెట్టండి.

కొనే తేనె విషయంలో నేను పట్టుబట్టేది శుభ్రత మీద. పట్టు నుంచి అప్పుడే పిండిన పచ్చి తేనె మంచిదని అందరూ చెప్తారు. ఆరోగ్యవంతులకు అది సరే. కీమోలో ఉన్నవాళ్లకు తెల్లరక్తకణాలు పడిపోయే అవకాశం ఉంటుంది, నోట్లో చర్మం తెగి ఉంటుంది. పచ్చి తేనెలో మైనం ముక్కలు, పుప్పొడి, రకరకాల బీజాణువులు ఉంటాయి. బొట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాణువులు కూడా కొన్ని తేనెల్లో ఉంటాయి. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదని చెప్పేది వీటివల్లే, ఆ వయసు పిల్లలకు ఏ కారణంతోనూ పెట్టకండి. మామూలుగా వేడి చేస్తే ఈ బీజాణువులు చావవు. గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య అవసరాల తేనె దొరికితే అది అన్నిటికన్నా నయం. దొరక్కపోతే వడకట్టి సీలు వేసిన, నమ్మకమైన తయారీ తేనె తీసుకుని, నాన్నగారి కోసం విడిగా ఒక సీసా ఉంచండి. అందులో తడి చెంచా, ఎంగిలి చెంచా పెట్టకండి. కౌంట్ పడిపోయిందని డాక్టరు చెప్పిన రోజుల్లో వాళ్లను అడగకుండా ఏ తేనే వద్దు. నీళ్లలో వేసి చూడటం, వత్తికి రాసి వెలిగించడం లాంటి పరీక్షలు కల్తీని పట్టలేవు, వాటిని నమ్ముకోకండి.

వాడే పద్ధతికి వద్దాం. షుగర్ లేనివాళ్లయితే మలేషియా వాళ్ల లెక్కే సరిపోతుంది. రేడియేషన్‌కు పావుగంట ముందు, తర్వాత పావుగంటకు, మళ్లీ సాయంత్రం. ఒక్కోసారికి 20 మిల్లీలీటర్లు అంటే నాలుగు చిన్న చెంచాలు. ఒకేసారి గుక్కలా కాకుండా కొంచెం కొంచెం నోట్లో వేసుకుని బుగ్గల వెనక, నాలుక కింద, పెదవి లోపల తిప్పి, ఒకటి రెండు నిమిషాలు ఉంచి నెమ్మదిగా గొంతు తడుపుతూ మింగాలి. రేడియేషన్ లేని రోజుల్లో కూడా మానకూడదు. వేడి పాలలోనో, నీళ్లలోనో కలిపి తాగితే లోపలికి జారిపోతుంది తప్ప నోటికి పట్టదు.

మీ నాన్నగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి ఈ లెక్క చూడండి. రోజుకు 60 మిల్లీలీటర్ల తేనె అంటే దాదాపు 85 గ్రాములు. అందులో చక్కెరలే 70 గ్రాముల వరకు ఉంటాయి. సుమారు 250 కేలరీలు. తిండి సరిగా తినలేక బరువు తగ్గే మనిషికి ఆ కేలరీలు మంచివే గానీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పైగా సిస్‌ప్లాటిన్‌కు ముందు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు, అది స్టెరాయిడ్. రెండు మూడు రోజులు షుగర్‌ను బాగా పెంచుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే పుండ్లు మానవు, ఫంగస్ త్వరగా పడుతుంది. అంటే నోటి కోసం పెట్టిన తేనె నోటికే చేటు చేయొచ్చు. అందుకని మీ విషయంలో షుగర్ డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకుని మొదటి వారం తరచుగా చూడండి. డాక్టరు వద్దంటే మొండికేయకండి, తేనె లేకుండా కూడా ఈ చికిత్స సజావుగా దాటొచ్చు. తక్కువ మోతాదు ఇచ్చి, నోట్లో తిప్పి ఉమ్మేయమని కొందరు డాక్టర్లు చెప్తారు. చక్కెర భారం తగ్గుతుంది నిజమే, కానీ గొంతుకు పట్టదు, ఎక్కువ అధ్యయనాలు జరిగింది కూడా మింగే పద్ధతి మీదే.

మింగుడు ఇబ్బందిగా ఉండి, నీళ్లు తాగితే పొరబోతున్నవాళ్లకు కూడా ఇదే జాగ్రత్త. ఆపరేషన్ తర్వాత నాన్నగారికి మింగేటప్పుడు దగ్గు వస్తోందా? వస్తుంటే ముందు మింగుడు పరీక్ష చేయించాలి. జిగట పదార్థం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా దాకా పోతుంది.

ఇప్పుడు పళ్లు. రేడియేషన్ లాలాజల గ్రంథులను ఎండగట్టేస్తుంది. మామూలు మనిషి తీపి తింటే నోట్లో తయారయ్యే ఆమ్లాన్ని లాలాజలం కడిగేస్తుంది, వీళ్లకు ఆ రక్షణ ఉండదు. దాని మీద రోజుకు మూడుసార్లు పుల్లని చక్కెర పూత వేస్తున్నామంటే పళ్లు నెలల్లోనే పుచ్చిపోవచ్చు. చికిత్స తర్వాత పన్ను పీకించుకోవడం కూడా అందరిలా తేలిక కాదు. రేడియేషన్ తగిలిన దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకని ఈ వారంలోనే, ఇంకా రేడియేషన్ మొదలవకముందే, పళ్ల డాక్టరుకు చూపించండి. పాడైన పళ్లుంటే ఏం చేయాలో రేడియేషన్ డాక్టరుతో మాట్లాడుకుని వాళ్లే తేలుస్తారు. తేనె మింగాక పావుగంట, ఇరవై నిమిషాలు అలా వదిలేసి, తర్వాత బేకింగ్ సోడా నీళ్లతో పుక్కిలించాలి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా బేకింగ్ సోడా, అందులో సగం ఉప్పు, అంతే. అది ఆమ్లాన్ని చల్లార్చుతుంది. వెంటనే బ్రష్ మాత్రం వేయకండి. పడుకునే ముందు చివరగా చేసేది తేనె కాకూడదు. ఆఖరి మోతాదు సాయంత్రం అయిపోవాలి, రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో మెత్తటి బ్రష్‌తో తోముకుని పడుకోవాలి.

ఈ సోడా నీళ్ల పుక్కిలింత తేనె వాడినా వాడకపోయినా రోజుకు నాలుగైదు సార్లు చేయాల్సిందే. తేనె దొరికింది కదా అని దీన్ని వదిలేసినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నోటి బాగు ముందు ఈ పుక్కిలింతతోనే మొదలవుతుంది. ఘాటైన మౌత్‌వాష్‌లు, ఆల్కహాల్ ఉన్నవి వద్దు. కారం, పులుపు, పొగలు కక్కే వేడి, గరుకుగా గుచ్చుకునేవి, పొగాకు, మద్యం అన్నీ బంద్. బెంజిడమైన్ పుక్కిలింత మందు, తక్కువ శక్తి లేజర్ చికిత్స మీ ఆసుపత్రిలో ఉన్నాయేమో అడగండి. ముఖ్యంగా లేజర్‌కు తేనెకన్నా గట్టి ఆధారాలు ఉన్నాయి. 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కసారిగా ఎక్కించుకునేవాళ్లు ఇది చదువుతుంటే, ఎక్కించేటప్పుడు అరగంట పాటు ఐసు ముక్కలు చప్పరించడం మంచి ఉపాయం. అది సిస్‌ప్లాటిన్‌కు వర్తించదు.

ప్రొపోలిస్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. చెట్ల జిగురు, మొగ్గల మీది బంక తెచ్చి, మైనం కలిపి తేనెటీగలు పట్టులోని సందులు పూడ్చుకునే పదార్థం అది. సూక్ష్మజీవులను అదుపు చేసే గుణం దానికి నిజంగానే ఉంది. నోటిపూత మీద చిన్న చిన్న అధ్యయనాలు కూడా జరిగాయి, కొన్ని ఆశ కలిగించేలా ఉన్నాయి. కానీ 2020 మార్గదర్శకాలు రాసినవాళ్లు దాని మీద ఏదీ చెప్పలేమని వదిలేశారు. ఏ చెట్టు జిగురైతే ఆ ప్రొపోలిస్, ఒక సీసాలో ఉన్నది ఇంకో సీసాలో ఉండదు. మీకు ఇచ్చినది స్ప్రే అన్నారు, దాని మీద ఆల్కహాల్ అని ఉందేమో చూడండి. చాలా స్ప్రేలు ఆల్కహాల్‌లో కరిగించినవే, పచ్చిపుండు మీద కొడితే ప్రాణం పోయినంత పని అవుతుంది. అన్నిటికన్నా నాకు భయం అలర్జీ. తేనెటీగలు పెంచేవాళ్లకు ప్రొపోలిస్ తగిలి చేతుల మీద దద్దుర్లు రావడం బాగా తెలిసిన విషయం. నోట్లో వాడితే నోరే ఎర్రబడి, వాచి, పుళ్లు పడొచ్చు. రేడియేషన్‌లో ఉన్న మనిషికి అలా వస్తే అది రేడియేషన్ పూతో, ప్రొపోలిస్ అలర్జీయో డాక్టరుకు కూడా తేల్చడం కష్టం. ఈజిప్టులో రక్త క్యాన్సర్ పిల్లల మీద 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఉత్త తేనెనూ, తేనెతో పాటు ప్రొపోలిస్, మైనం కలిపిన మిశ్రమాన్నీ పోల్చారు. ఒక మోస్తరు పూత ఉన్న పిల్లల్లో ఉత్త తేనెతోనే త్వరగా తగ్గింది.

రాయల్ జెల్లీ విషయంలో అంత ఆలోచన అక్కర్లేదు. ఉబ్బసం, అలర్జీలు ఉన్నవాళ్లలో ఊపిరాడకపోవడం, ప్రాణాపాయకరమైన అలర్జీ నమోదయ్యాయి. వార్ఫరిన్ వేసుకునేవాళ్లలో రక్తం మరీ పలుచబడిన ఉదంతం కూడా ఉంది. పైగా గుళిక నేరుగా కడుపులోకి పోతుంది, నోటికి తగలనే తగలదు. పుప్పొడి గుళికలకూ ఇదే మాట. తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చిన మనిషైతే తేనె కూడా డాక్టరును అడిగాకే.

ఒక్క విషయం మాత్రం మీరు గట్టిగా పట్టుకోవాలి. నొప్పి మందులకు బదులు తేనె కాదు. నాలుగో వారం వచ్చేసరికి నాన్నగారికి మాటకూ నొప్పి, మింగుడుకూ నొప్పి ఉండొచ్చు. అప్పుడు మార్ఫిన్ రాస్తారు. అలవాటైపోతుందని భయపడి ఇంట్లోవాళ్లు దాచేస్తారు, "తేనె పెట్టుకో నాన్నా తగ్గుతుంది" అంటారు. ఆయన తినడం మానేస్తారు, బరువు పడిపోతుంది, రేడియేషన్‌లో తల కదలకుండా బిగించే మాస్కు వదులవుతుంది, చివరికి "నా వల్ల కాదు, ఆపేయండి" అంటారు. ఈ చికిత్సలో మధ్యలో రోజులు పోతే క్యాన్సర్ అదుపయ్యే అవకాశం రోజుకు దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుందని లెక్కలున్నాయి. మనం నోరు కాపాడేది ఆ రోజులు పోకుండా ఉండటానికే. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు నొప్పి మందు వేయండి. తినడానికి అరగంట ముందు వేస్తే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. ఆహారం కోసం ముక్కులోంచి పైపు వేయాలంటే కూడా టెన్షన్ పడకండి, అది కొన్నాళ్లకే.

రోజూ పొద్దున టార్చి వేసి నోరు చూడండి. తెల్లటి పొరలు కనబడి, తుడిస్తే ఊడి కింద ఎర్రగా ఉంటే ఫంగస్ కావచ్చు. తేనె ఆపి చూపించండి, మందు వేరే ఉంటుంది. నోట్లోంచి రక్తం ఆగకపోయినా, రోజంతా నీళ్లు దిగకపోయినా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇంట్లో పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు.

రేడియేషన్ మొదలయ్యేలోగా రెండు పనులు చేసుకోండి. పళ్ల డాక్టరు, షుగర్ డాక్టరు. ఆ రెండూ అయ్యాక రేడియేషన్ డాక్టరుగారికి ఆ తేనె సీసా, స్ప్రే, గుళికలు మూడూ పట్టుకెళ్లి చూపించండి. వాడేవీ మానేసినవీ అన్నీ కేసు షీటులో రాయించండి. నాన్నగారి మూడు నెలల షుగర్ సగటు ఎంతుందో, మింగేటప్పుడు దగ్గు వస్తోందో లేదో ఇక్కడ రాస్తే మోతాదు గురించి డాక్టరును ఏం అడగాలో ఇంకాస్త వివరంగా చెప్పగలను.